బీరు పులిసేటప్పుడు వేడి అదుపు తప్పకుండా

అమెరికాలో ఇంట్లో బీరు చేసుకునేవాళ్లు సాధారణంగా ఒక విడతకు 5 గ్యాలన్లు, అంటే 19 లీటర్లు చేస్తారు. (ఆంధ్ర, తెలంగాణల్లో లైసెన్సు లేకుండా ఈ పని కుదరదు.) ఈస్ట్ పని అందుకున్నాక తనే వేడి పుట్టిస్తుంది. గది 20 డిగ్రీల సెల్సియస్ ఉన్నా డబ్బాలో 23, 24 ఉండొచ్చు. కాబట్టి కొలవాల్సింది గదిని కాదు, బీరుని.

మొదటి మూడు రోజులే కీలకం. అప్పుడు వేడెక్కితే గొంతు మండించే ఫ్యూసెల్ ఆల్కహాళ్లు తయారవుతాయి. తర్వాత ఎంత చల్లబరిచినా అవి పోవు.

పాత ఫ్రిజ్ ఒకటి, చల్లదనానికీ వేడికీ వేర్వేరు ప్లగ్గులున్న ఇంక్‌బర్డ్ లాంటి ఉష్ణోగ్రత కంట్రోలర్ ఒకటి ఉంటే చాలు. దాని సెన్సర్‌ని ఫ్రిజ్‌లో గాలికి వేలాడదీయొద్దు. డబ్బా పక్కన, బీరు మట్టానికి కిందుగా ఆనించి, పైన మడిచిన బబుల్ రాప్ పెట్టి టేపు గట్టిగా బిగించండి. గాలి తగిలితే అది చూపించేది ఫ్రిజ్ సంగతే.

యూఎస్-05 అనే రకం ఈస్ట్‌తో ఏల్ (లాగర్ కంటే ఎక్కువ వేడిలో పులిసే బీరు) చేస్తుంటే 18 డిగ్రీలకు పెట్టండి. అటూఇటూ 0.5 తేడా, కంప్రెసర్ మళ్లీ ఆన్ కావడానికి 5 నిమిషాల విరామం ఇవ్వండి. విరామం మరీ తగ్గిస్తే కంప్రెసర్ త్వరగా పాడవుతుంది. మాల్ట్ రసం (మొలకెత్తిన ధాన్యం నుంచి తీసిన తీపి ద్రవం, పులిస్తే బీరయ్యేది ఇదే) 18కి దిగాకే ఈస్ట్ వేయాలి. 26 దగ్గర వేసేసి మిగతాది ఫ్రిజ్ చూసుకుంటుందిలే అనుకుంటే, 19 లీటర్లు చల్లారేలోపు ఈస్ట్ ఊపందుకుంటుంది.

బుడగలు నెమ్మదించాక, దాదాపు నాలుగో రోజున, 20–21కి పెంచండి. వెన్న వాసనకు కారణమైన డయాసెటైల్‌ని ఈస్ట్ తిరిగి తినేస్తుంది. హైడ్రోమీటర్ (బీరులో ఇంకా ఎంత చక్కెర మిగిలిందో తెలిపే పరికరం) రీడింగ్ రెండు మూడు రోజులు మారకుండా ఉంటేనే చల్లబరచండి. చల్లారుతుంటే డబ్బాలో గాలి కుంచించుకుపోయి ఎయిర్‌లాక్ (గ్యాసును బయటికి వదిలి గాలిని లోపలికి రానివ్వని మూత)లో నీళ్లను లోపలికి లాగుతుంది, అందుకే నీళ్ల బదులు వోడ్కా పోస్తే నయం.

ఫ్రిజ్ లేకపోతే డబ్బాని నీళ్ల టబ్బులో దింపి, గడ్డకట్టించిన బాటిళ్లు పొద్దున రెండు, సాయంత్రం రెండు మార్చండి. డబ్బాకి తడి టీషర్టు తొడిగి ఫ్యాను పెట్టే ఉపాయం ఫీనిక్స్ పొడిగాలిలో బాగా పనిచేస్తుంది, హ్యూస్టన్ ఉక్కలో దండగ. టెక్సాస్ ఎండాకాలంలో ఇంకో తేలిక దారి ఉంది: నార్వే పల్లెల నుంచి వచ్చిన వోస్ క్వైక్ ఈస్ట్ 35 డిగ్రీల్లోనూ శుభ్రంగా పులుస్తుంది, కాస్త నారింజ వాసనతో. చల్లగా పులియాల్సిన లాగర్ బీరు మాత్రం ఫ్రిజ్ లేకుండా మొదలుపెట్టకండి.