సింగిల్ స్టేజ్ ప్రెస్ కొనేముందు బల్ల చూసుకోండి

మా బావమరిది డాలస్‌లో ఉంటాడు. పోయిన నెల ఒక రాత్రి పదకొండు దాటాక వాయిస్ మెసేజ్ పెట్టాడు. "బావా, గ్రీన్ కార్డు వచ్చేసింది కదా, రైఫిల్ కొన్నా, వారం వారం రేంజ్‌కి వెళ్తున్నా, తూటాలకే డబ్బులన్నీ పోతున్నాయి, ఇంట్లోనే రీలోడ్ చేసుకుందామని ఉంది, ఏ ప్రెస్ కొనమంటావ్?" అని. కింద ఆరు లింకులు, అన్నింట్లోనూ ఎర్రగానో పచ్చగానో నిగనిగలాడే ఇనుప ముద్దలు. చివర్లో "అక్కకి చెప్పకు" అని ఇంకో ముక్క.

నేను టెక్సాస్‌లో ఉన్న రోజుల్లో శనివారాలన్నీ ఆ ప్రెస్ ముందే గడిపాను, ఇప్పుడు కూకట్‌పల్లిలో ఉంటున్నాను. వాడికి చెప్పాల్సింది వాట్సాప్‌లో పట్టేలా లేదు, అందుకే ఇలా రాస్తున్నా. రీలోడ్ అంటే కాల్చిన తూటా తాలూకు ఖాళీ గొట్టాన్ని (కేసుని) మళ్లీ వాడి కొత్త తూటా చేసుకోవడం, ప్రెస్ అంటే ఆ కేసుని నొక్కే చేతి మిషిన్.

ముందు చట్టం సంగతి తేల్చేద్దాం. ఇదంతా అమెరికాలో, చట్టం ఒప్పుకునే చోట ఉన్న మనవాళ్ల కోసమే. హైదరాబాద్‌లో కూర్చుని చదువుతూ ఎవరికైనా సరదా పుడితే చదవడంతోనే ఆపేయండి. మన ఆయుధాల చట్టం 1959 నాటిది, అందులో ఆమ్యునిషన్ అంటే ఏమేం వస్తాయో చెప్పిన చోట తూటాలతో పాటు వాటి భాగాలు, వాటిని తయారుచేసే యంత్రాలు కూడా ఉన్నాయి. అంటే మీ బల్ల మీద ఉత్త ప్రెస్ ఒక్కటే ఉన్నా అది తూటాల లెక్కలోకే వస్తుంది. లైసెన్సు లేకుండా తయారీ సెక్షన్ 5 కింద కుదరదు. తిరిగొచ్చేటప్పుడు నా ప్రెస్‌ని సూట్‌కేసులో పెట్టేద్దామని ఒక పూట అనుకున్న మాట నిజమే, శంషాబాద్‌లో కస్టమ్స్ వాళ్ల ముందు నిలబడి ఏం చెప్పాలో ఊహించుకున్నాక పక్కింటాయనకి ఇచ్చేసి ఫ్లైటెక్కాను.

హెచ్1బి మీద ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్త. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమిగ్రెంట్ వీసా వాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉంటే తప్ప. ఆ చట్టం లెక్కలో తూటా అంటే ఖాళీ కేసులు, ప్రైమర్లు (కేసు అడుగున ఉండి నిప్పు రాజేసే చిన్న బిళ్లలు), బుల్లెట్లు (ముందు నుంచి ఎగిరి వెళ్లే లోహపు ముక్కలు), పౌడర్ (మందు) కూడా. కాబట్టి "నేను కాల్చట్లేదు, ఊరికే తయారుచేసి ఫ్రెండ్‌కి ఇస్తున్నా" అనే కబుర్లు పనికిరావు. గ్రీన్ కార్డు ఉండి సొంత వాడకానికి చేసుకుంటే ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మకం వ్యాపారంగా పెట్టుకుంటే కావాలి. రాష్ట్రాల నియమాలు, అపార్ట్‌మెంట్ లీజులో రాసినవి వేరే, అవీ చూసుకోండి.

ఇక ప్రెస్. ఇంట్లో జంతికల గొట్టం చూసే ఉంటారు, అడుగున బిళ్ల మారిస్తే జంతిక, ఇంకో బిళ్ల వేస్తే కారప్పూస. సింగిల్ స్టేజ్ కూడా ఆ తరహాదే. పైన ఒక్క డై (కేసు దూరే అచ్చు) మాత్రమే పడుతుంది. హ్యాండిల్ కిందికి నొక్కితే ర్యామ్ (కేసుని మోసే కడ్డీ) పైకి లేచి కేసుని ఆ డైలోకి తోస్తుంది. మొదట సైజింగ్ డై (ఉబ్బిన కేసుని తిరిగి కొలతకి తెచ్చేది) బిగించి ఉన్న కేసులన్నిటినీ దాంట్లోకి నొక్కి తీస్తాం, పాత ప్రైమర్ కూడా అప్పుడే ఊడిపోతుంది. తర్వాత డై మార్చి మళ్లీ మొదటి కేసు నుంచి. 50 కేసులు చేయాలంటే .308 రైఫిల్ తూటాకి ప్రెస్ మీద కనీసం వంద సార్లు లాగాలి (సైజింగ్‌కి ఒకసారి, బుల్లెట్ ఎక్కించడానికి ఒకసారి), 9 ఎంఎం పిస్టల్ తూటాకి ఇంకో యాభై ఎక్కువ, క్రింప్ (బుల్లెట్ చుట్టూ కేసు నోరు బిగించడం) విడిగా చేస్తే ఇంకో యాభై. గంటకి 50 తూటాలు వస్తే కొత్తవాడికి బాగా వచ్చినట్టే.

అంత నిదానమైతే ఎందుకు అంటారేమో. ప్రోగ్రెసివ్ ప్రెస్‌లో నాలుగైదు పనులు ఒకేసారి తిరుగుతూ జరుగుతుంటాయి, ఒక్క లాగుకి ఒక తూటా బయటికొస్తుంది, కానీ ఆ తిరుగుడులో ఒక కేసులో పౌడర్ రెండుసార్లు పడినా అసలు పడకపోయినా కొత్తవాడి కంటికి ఆనదు. సింగిల్ స్టేజ్‌లో పౌడర్ పోసిన 50 కేసులూ చెక్క దిమ్మెలో నిలబడి ఉంటాయి, టార్చి వేసి వరసగా నోళ్లలోకి చూస్తే మట్టం తేడాగా ఉన్నది ఇట్టే దొరికిపోతుంది. ఆ చూపు అలవాటు కావడానికే నేను ఎవరికైనా మొదట ఇదే కొనమంటాను. నెలకి వెయ్యి 9 ఎంఎం కాల్చేవాడికి విసుగొస్తుంది, ఒప్పుకుంటాను, వాడు టరెట్ ప్రెస్ (పైన డైలన్నీ ఉండి తిప్పి మార్చుకునేది) చూసుకోవచ్చు. ఎంత పౌడర్, ఏ బుల్లెట్ అనే లెక్కలు మాత్రం అచ్చయిన రీలోడింగ్ మాన్యువల్‌లోనే చూడండి, నన్నడగొద్దు, ఇంకెవర్నీ అడగొద్దు.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. నా మొదటి ప్రెస్ చిన్నది, అల్యూమినియం, ముందు వైపు తెరిచి ఉండే సి ఆకారం ఫ్రేమ్. చవకగా వచ్చింది కదా అని కొని, అపార్ట్‌మెంట్‌లో ఉన్న రంపపు పొట్టు బోర్డు టేబుల్‌కి చెక్క స్క్రూలతో బిగించాను. రేంజ్‌లో నేల మీద ఏరుకొచ్చిన .308 కేసులు, ఎవరి రైఫిల్లో కాల్చి ఉబ్బినవో తెలీదు. సీసా ఆకారం కేసులకి సైజింగ్ ముందు లూబ్ (జారుడు పూత) రాయాలి, రాశాను గానీ పిసినారితనంగా రాశాను. నాలుగో కేసు సగం దాకా వెళ్లి ఇరుక్కుంది. లోపలికి పోదు, బయటికి రాదు. హ్యాండిల్ పట్టుకుని పైకి ఒక్క గుంజు గుంజాను. కేసు అంచు చిరిగిపోయింది, మిగతాది డైలోనే ఉండిపోయింది, టేబుల్ ముందు అంచు పెద్ద ముక్కగా ఊడి ప్రెస్‌తో సహా నా తొడ మీద పడింది.

మా నాయన బాలానగర్‌లో ఫ్లై ప్రెస్ మీద పాతికేళ్లు వాషర్లు కొట్టిన మనిషి. ఆ రాత్రి ఫోన్ చేసి మొత్తం చెప్తే ముందు బాగా నవ్వాడు. తర్వాత, "మిషిన్ ఎవడైనా కొంటడు రా, దాని కింద ఫౌండేషన్ ఎవడు పోస్తడు?" అన్నాడు. షెడ్డులో ఆయన ఫ్లై ప్రెస్ కింద పోసిన సిమెంటు దిమ్మె మిషిన్ కంటే బరువుండేది, చిన్నప్పుడు దాని మీద కూర్చుని టిఫిన్ తినేవాడిని, అదెందుకో ఆ రోజుదాకా ఆలోచించలేదు.

కాబట్టి బావమరిదీ, లింకులు మూసేసి ముందు బల్ల చూడు. హ్యాండిల్ నొక్కినప్పుడు బల్ల ముందు అంచు కిందికి వాలాలని చూస్తుంది, పైకి లాగినప్పుడు లేవాలని చూస్తుంది, రోజుకి వంద సార్లు ఇదే కొట్లాట. పై చెక్క ఒకటిన్నర అంగుళమైనా ఉండాలి, ముప్పావు అంగుళం ప్లైవుడ్ రెండు పొరలు జిగురు పెట్టి స్క్రూలతో కలిపినా చాలు. చెక్క స్క్రూలు వద్దు, ఇటు నుంచి అటు దూసుకెళ్లే బోల్టులు, అడుగున ఇనుప పట్టీ. ప్రెస్‌ని బల్ల మధ్యలో పెట్టకు, కాలి పక్కనే పెట్టు. గోడకి బిగించే వీలు లేని అద్దె ఇల్లయితే బల్ల కింద అరలో బుల్లెట్ డబ్బాల్లాంటి బరువులు పెట్టు. హ్యాండిల్ పూర్తిగా దిగినప్పుడు తొడకి తగలకుండా ఉందో లేదో బోల్టు రంధ్రాలు వేయకముందే, ఖాళీ ప్రెస్ పెట్టి క్లాంపులతో పట్టించి, నువ్వు కూర్చునే కుర్చీలోనే కూర్చుని చూసుకో. నిలబడి చూసి రంధ్రాలు వేసేసి తర్వాత బాధపడినవాణ్ణి నేనే.

ఫ్రేమ్ సంగతి త్వరగా చెప్పేస్తాను. సి ఆకారంలో చెయ్యి సులువుగా పడుతుంది గానీ బరువు పనికి నోరు కొంచెం తెరుచుకుంటుంది. ఓ ఆకారం నాలుగు వైపులా మూసి ఉంటుంది, వంగదు. పిస్టల్ తూటాలకి సి చాలు, .308, .30-06 లాంటి రైఫిల్ కేసులు పూర్తిగా సైజు చేయాలంటే పోత ఇనుము ఓ ఫ్రేమ్ తీసుకో. ఇనుముకి తుప్పు వస్తుంది, ర్యామ్‌కి అప్పుడప్పుడూ రెండు చుక్కల నూనె, అంతే.

జనం అడగనిది, నేను మొదట అడిగేది ఒకటుంది. ఊడిన ప్రైమర్ ఎక్కడికి పోతుంది? కాలిన ప్రైమర్‌లో సీసం కలిసిన మసి ఉంటుంది, ప్రతి కేసుకీ ఒక ప్రైమర్, దాంతో పాటు చిటికెడు నల్ల పొడి. లీ కంపెనీ క్లాసిక్ కాస్ట్ ప్రెస్‌లో ర్యామ్ లోపల బోలుగా ఉంటుంది, ప్రైమర్ నేరుగా దాంట్లోంచి జారి కింద వేలాడే గొట్టంలో పడుతుంది, గొట్టం నిండాక చెత్తలో వంపేయడమే. ఆర్‌సీబీఎస్ కంపెనీ రాక్ చకర్‌లో ర్యామ్ ముందు ప్లాస్టిక్ దొప్ప ఉంటుంది, చాలావరకు అందులోనే పడతాయి, కొన్ని నేల మీద ఎగిరి పడతాయి. (ఆ నాలుగు అక్షరాలు రాక్ చక్ బుల్లెట్ స్వేజ్ అనే పాత అచ్చు పేరులోవి, రాక్ చక్ అంటే రాళ్ల గుట్టల్లో తిరిగే బలిసిన ఉడుత లాంటి జంతువు. 1943 నుంచీ ఉన్న కంపెనీకి ఉడుత పేరేమిటో అని నాకు భలే ముచ్చట.) ఇంట్లో పాకే పిల్లలుంటే నేల మీద పడే ఆ కొన్ని కూడా లెక్కే. ఆ గదిలో కార్పెట్ ఉండకూడదు, చీపురుతో ఊడ్చి పొడి లేపకుండా తడిగుడ్డతో తుడవాలి, పనయ్యాక సబ్బుతో చేతులు కడగాలి, అక్కడ తినడం తాగడం అసలు పెట్టుకోకూడదు.

కొత్త ప్రైమర్ ఎక్కించడానికి కూడా చాలా ప్రెస్‌లకి ఒక చిన్న చెయ్యి ఇస్తారు, దాన్ని చూసి ప్రెస్ ఎంచుకోకు. హ్యాండిల్ చివరికొచ్చేకొద్దీ దాని బలం పెరిగేలా హ్యాండిల్‌నీ ర్యామ్‌నీ కలిపే లింకులు (కడ్డీలు) అమరుస్తారు, సైజింగ్‌కి అదే వరం, ప్రైమర్‌కి అదే శాపం, అది అడుగు తాకిందో లేదో వేళ్లకి తెలియదు. చేత్తో నొక్కే ప్రైమింగ్ పనిముట్టు విడిగా దొరుకుతుంది, కంటి రక్షణ అద్దాలు పెట్టుకుని టీవీ లేని గదిలో కూర్చుని అది వాడు.

డైల గురించి టెన్షన్ అక్కర్లేదు. దాదాపు అన్ని కంపెనీలవీ 7/8 అంగుళం, అంగుళానికి 14 మరలు, లీ వాళ్ల ఎరుపు ప్రెస్‌లో పచ్చ రంగు ఆర్‌సీబీఎస్ వాళ్ల డై హాయిగా పడుతుంది. కేసు అడుగుని పట్టుకునే షెల్ హోల్డర్లు కూడా చాలావరకు ఒకదాంట్లో ఒకటి పడతాయి, నంబర్లే తికమక. .308కి ఆర్‌సీబీఎస్ 3 అంటే లీ 2 అంటుంది, నంబరు చూసి కాకుండా తూటా పేరు చూసి కొను. హార్నడీ లాక్ ఎన్ లోడ్ లాంటి వాటిలో డైకి బుషింగ్ (తొడుగు) వేసి ఉంచితే కొంచెం తిప్పగానే ఊడొస్తుంది, సెట్ చేసిన కొలత పోదు. బాగుంటుంది, కానీ నువ్వు వాడేది ఒకే ఒక్క రైఫిల్ తూటా, నెలకి నాలుగు సార్లు డై మార్చడానికి ఆ సోకు ఎందుకు?

నువ్వు పంపిన వాటిలో ఫోర్‌స్టర్ కోయాక్స్ కూడా ఉంది. మంచి మిషిన్, డై ముందు నుంచి లోపలికి జారుతుంది, కొంచెం ఆడుతూ కేసుతో తనంతట తాను సరిపడుతుంది, షెల్ హోల్డర్ బదులు స్ప్రింగు దవడలు. కానీ లీ ధరకి రెట్టింపు దాటుతుంది, పైగా డైని బిగించే లాక్ రింగులు అన్ని కంపెనీలవీ దాని గాడిలో సరిగ్గా కూర్చోవు. మూడో ఏడు కొను, మొదటి ఏడు కాదు.

పాతది దొరికితే సిగ్గుపడకు, పోత ఇనుము ప్రెస్ సరిగ్గా చూసుకుంటే తాత నుంచి మనవడి దాకా వస్తుంది. హ్యాండిల్ పూర్తిగా పైకెత్తి దింపి చూడు, కరకరమంటే లింకు పిన్నులు అరిగాయన్నమాట. ర్యామ్‌ని బయటికి వచ్చినంత తీసి వేళ్లతో పక్కలకి ఊపి చూడు. బోల్టు రంధ్రాల చుట్టూ వెంట్రుకంత పగులున్నా వదిలేసి వచ్చేయ్, పైన రంగు ఊడితే పట్టించుకోకు.

నా ఓటు లీ క్లాసిక్ కాస్ట్‌కి, ఆ ప్రైమర్ గొట్టం కోసం, మిగిలిన డబ్బుతో ప్లైవుడ్, మంచి కాటా, ఇరుక్కున్న కేసు తీసే కిట్ కొంటాడని. ఆ కిట్ అవసరం రాదు అనుకుంటాడు, వస్తుంది.

మొన్న ఆదివారం ఫోటో పంపాడు. ఎర్ర ప్రెస్, బల్ల కాలికి ఆనుకుని, దూసుకెళ్లే బోల్టులు, కింద ఇనుప పట్టీ, నాయనకి చూపిస్తే "వీడు విన్నడు రా" అన్నాడు. పక్కనే, గొట్టానికి జానెడు దూరంలో, సగం తాగిన కాఫీ కప్పు. ముందు ఆ కప్పు తీసెయ్ అని ఒక్కటే జవాబు పెట్టాను.