గోచీ పెట్టి పంచె కట్టుకోవడం ఎలా?

పంచె కొనేముందే కొలత తెలుసుకోండి, సగం ఇబ్బంది అక్కడే పోతుంది. షాపుల్లో మూరల్లో చెబుతారు, మూర అంటే దాదాపు 18 అంగుళాలు. నాలుగు మూరలది లుంగీలా చుట్టుకునే అడ్డపంచె, దాంతో గోచీ రాదు. గోచీకి 8 మూరలైనా ఉండాలి. "9×5 ఇవ్వండి" అంటే 9 మూరల పంచె, 5 మూరల ఉత్తరీయం చేతికిస్తారు. కొంచెం బొద్దుగా ఉంటే 10×6 అడగండి. కొత్తగా నేర్చుకునేవాళ్ళు పట్టు జోలికి పోకండి, అది జారుతుంది. నూలుది ఒకసారి ఉతికి కట్టుకుంటే నడుం దగ్గర చక్కగా నిలుస్తుంది.

ఇక కట్టడం. పంచెను వెనక నుంచి నడుం చుట్టూ తెచ్చి రెండు కొసలూ ముందుకు సమానంగా లాగి, పొట్ట కాస్త లోపలికి పీల్చి, బొడ్డు దగ్గర పై అంచులు రెండూ కలిపి గట్టిగా ముడి వేయండి. ఈ ముడి వదులైతే తర్వాత ఎంత సర్దినా లాభం లేదు, నచ్చకపోతే విప్పి మళ్ళీ వేయండి. ఇప్పుడు ముందు రెండు వైపులా బట్ట వేలాడుతూ ఉంటుంది కదా, ఎడమవైపు దాని కొసను కుచ్చిళ్ళు పట్టి, కాళ్ళ మధ్య నుంచి వెనక్కి తీసి, వెన్నుపూసకు సరిగ్గా మధ్యలో లోపలికి దోపండి. అదే గోచీ. కుడివైపు బట్టను బెత్తెడు వెడల్పున కుచ్చిళ్ళు పెట్టి, అంచు పైకి కనపడేలా బొడ్డు దగ్గర దోపేయండి.

అద్దంలో చూసుకుని వెళ్ళిపోకండి. ఒకసారి పీట మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని లేవండి, ఎందుకంటే పెళ్ళిలోనైనా వ్రతంలోనైనా గంటలకొద్దీ అలాగే కూర్చోవాలి. తొడల దగ్గర పట్టేస్తుంటే గోచీని కొంచెం వదులు చేయండి. టెన్షన్‌గా ఉంటే పైన సన్నటి బెల్టు పెట్టుకోండి, తప్పేం లేదు. పంచెల ఫంక్షన్‌కి చిన్నపిల్లలకైతే వెల్క్రో ఉన్న రెడీమేడ్‌దే నయం, వాళ్ళు పరిగెడతారు.

డబ్బు పెట్టగలిగితే శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖాదీ పంచె ఒకటి కొనుక్కోండి. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, చేత్తో వడికి, మగ్గం మీద నేస్తారు. పలచటి గంజి పెట్టి ఆరేస్తే దాని కుచ్చిళ్ళు సాయంత్రం దాకా చెదరవు.