భార్యాభర్తలు కలిసి డిపాజిట్ వేసే ముందు

పెళ్లయినంత మాత్రాన బ్యాంకు సొమ్ము ఇద్దరిదీ అయిపోదు. తగాదా వస్తే ఆ డబ్బు ఎవరు తెచ్చారన్నదే ప్రధాన ప్రశ్న.

– పుట్టింటివారు భార్యకు ఇచ్చినది, ఆమె నగలు అమ్మగా వచ్చినది స్త్రీధనం, అంటే ఆమె సొంత ఆస్తి. దయచేసి దాన్ని ఉమ్మడి ఖాతాలో కలపకండి. ఆమె ఒక్కరి పేరునే ఉంచండి. కష్టకాలంలో భర్త వాడుకున్నా తిరిగి ఇవ్వడం అతని బాధ్యతేనని 2024లో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది. అయితే సొమ్ము ఆమెదేనని చూపాలి కదా! నగల బిల్లులు, చెక్కుల నకళ్లు, పాత స్టేట్‌మెంట్లు ఇప్పుడే భద్రపరచండి. గొడవ మొదలయ్యాక కాగితం దొరకడం కష్టం.

– ఉమ్మడి డిపాజిట్‌లో ‘ఇద్దరిలో ఎవరైనా లేదా జీవించి ఉన్నవారు’ అనే షరతు చెల్లింపు సౌకర్యానికే, యాజమాన్యాన్ని తేల్చదు. గడువుకు ముందే తీయాలంటే ఎవరెవరి సంతకాలు కావాలో బ్యాంకును అడగండి.

– డిపాజిట్ వేసినవారు చనిపోతే నామినీ ఆ సొమ్మును అందుకుంటారు, అంతే. హక్కు వారసులది.