ఫోకస్ ముందుకు పోతోందా, వెనక్కా? కెమెరా, లెన్స్ పరీక్షించే పద్ధతి

కంటి మీద ఫోకస్ పెడితే చెవి షార్ప్‌గా వచ్చిందనుకోండి. లెన్స్‌ని అనుమానించే ముందు ఒకటి తేల్చుకోవాలి: తప్పు ప్రతిసారీ ఒకే వైపు జరుగుతోందా, లేక ఓసారి ముందుకూ ఓసారి వెనక్కీ పోతోందా? మొదటిదాన్ని కెమెరా మెనూలోనే సరిచేయొచ్చు. రెండోదానికి మెనూలో మందు లేదు.

డీఎస్ఎల్ఆర్‌లో, అంటే లోపల అద్దం ఉండే కెమెరాలో, ఫోకస్ కొలిచే సెన్సర్ వేరు, ఫొటో తీసే సెన్సర్ వేరు. వచ్చిన వెలుగులో కొంత ప్రధాన అద్దం గుండా పోయి, దాని వెనకున్న చిన్న అద్దం మీద పడి, కెమెరా అడుగునున్న ఫోకస్ సెన్సర్‌కి చేరుతుంది. ఈ రెండు దారుల పొడవులో వెంట్రుకవాసి తేడా ఉన్నా గురి తప్పుతుంది. అద్దం లేని మిర్రర్‌లెస్‌ కెమెరాల్లో రెండు పనులూ ఒకే సెన్సర్ చేస్తుంది కాబట్టి ఈ జబ్బు దాదాపు ఉండదు. డీఎస్ఎల్ఆర్‌లో లైవ్ వ్యూ (వెనక తెర మీద చూస్తూ తీయడం) కూడా ఫొటో సెన్సర్ మీదే ఫోకస్ చూస్తుంది. అందుకే మన కొలబద్ద అదే.

మెరుపులేని తెల్ల కాగితం మీద మందమైన నల్ల గీతలు ప్రింట్ చేసి, వంగని అట్టకు అంటించి నిటారుగా నిలబెట్టండి. పక్కనే ఒక స్కేలును 45 డిగ్రీల వాలులో పెట్టి, దాని నడిమి గీత సరిగ్గా అట్ట ఉన్న దూరంలోనే ఉండేలా చూడండి. ఫోకస్ మాత్రం అట్ట మీదే, స్కేలు మీద కాదు. చాలా పరీక్షలు ఇక్కడే చెడిపోతాయి: వ్యూఫైండర్‌లో కనిపించే చిన్న చదరం కంటే అసలు ఫోకస్ పాయింట్ పెద్దది, వాలుగా ఉన్న స్కేలు మీద అది ఏ అంకెను పట్టుకుంటుందో చెప్పలేం. అట్ట కెమెరాకి సమాంతరంగా ఉందా అన్నది చూడటానికి దాని మీద చిన్న అద్దం ఆనించండి. లెన్స్ ప్రతిబింబం వ్యూఫైండర్ మధ్యలో కనిపిస్తే సరే.

దూరం ఫోకల్ లెంగ్త్‌కి 25 నుంచి 50 రెట్లు. 50 మి.మీ. లెన్స్‌కి 1.25 నుంచి 2.5 మీటర్లు. ఫుల్ ఫ్రేమ్‌లో (35 మి.మీ. ఫిల్మ్ అంత సెన్సర్) ఎఫ్ 1.8 దగ్గర, 25 రెట్ల దూరంలో షార్ప్‌గా ఉండే లోతు సుమారు 7 సెం.మీ., 50 రెట్లకి 27 సెం.మీ. దగ్గరైతే తేడా స్పష్టంగా తెలుస్తుంది. కానీ తప్పు దూరాన్ని బట్టి మారొచ్చు కనుక, చివరి నిర్ణయం మీరు మామూలుగా తీసే దూరంలో తీసుకోండి.

పగటి వెలుగులో చేయడం మేలు. పసుపు బల్బుల కింద ఫోకస్ సెన్సర్ లెక్క కాస్త జరగొచ్చు. ట్రైపాడ్, 2 సెకన్ల టైమర్, స్టెబిలైజేషన్ ఆఫ్, అపెర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి, మధ్య పాయింట్ ఒక్కటే, సింగిల్ ఫోకస్ మోడ్.

ముందు లైవ్ వ్యూలో మూడు ఫొటోలు తీసుకోండి. తర్వాత వ్యూఫైండర్‌తో పది. ప్రతి ఫొటోకీ ముందు ఫోకస్ రింగ్‌ని చేత్తో చెదరగొట్టాలి, ఐదుసార్లు అనంతం వైపు, ఐదుసార్లు దగ్గరి కొస వైపు. అలా చేయకపోతే లెన్స్ కదలకుండానే ‘దొరికింది’ అంటుంది, పది ఫొటోలూ ఒక్క ఫొటోతో సమానం.

కంప్యూటర్‌లో 100 శాతం సైజులో చూడండి. 45 డిగ్రీల వాలులో స్కేలు మీద 1 సెం.మీ. అంటే లోతులో 7 మి.మీ. ఇంత దగ్గర్లో షార్ప్ భాగం ముందూ వెనకా దాదాపు సమానంగా ఉంటుంది. ‘ముందు ఒక వంతు, వెనక రెండు వంతులు’ అన్న సూత్రం ఇక్కడ పనికిరాదు. పెద్ద అపెర్చర్ లెన్సుల్లో మరో గుర్తు: ఫోకస్‌కి ముందున్న అంచుల్లో ఊదారంగు, వెనక ఆకుపచ్చ కనిపిస్తాయి. రంగు మారే చోటే ఫోకస్.

వ్యూఫైండర్ ఫొటోలన్నీ లైవ్ వ్యూ కంటే వెనక్కి పోతే మెనూలోని ఫోకస్ సర్దుబాటు అంకెను మైనస్ వైపు, ముందుకొస్తే ప్లస్ వైపు జరపాలి. కెనాన్, నికాన్ కెమెరాల్లో ఈ సర్దుబాటు ఉన్న మోడళ్లలో మైనస్ 20 నుంచి ప్లస్ 20 దాకా ఉంటుంది. ఒక్కో అంకె జరిపితే కంటికి తెలియదు. 5 చొప్పున జరిపి, గురికి దగ్గరికొచ్చాక ఇంకా చిన్న అడుగులు వేయండి. జూమ్‌కి ఒకే విలువ ఇచ్చే కెమెరా అయితే మీరు ఎక్కువగా వాడే కొసకి సర్దండి. సిగ్మా యూఎస్‌బీ డాక్ (లెన్స్‌ని కంప్యూటర్‌కి కలిపే పరికరం) పనిచేసే జూమ్‌లకైతే నాలుగు ఫోకల్ లెంగ్త్‌ల దగ్గర నాలుగేసి దూరాలకి విడివిడిగా సర్దొచ్చు. ఉన్న లెన్సులన్నీ ఒకే వైపు తప్పితే లోపం బాడీదే. అంకె చివరి అంచుకి చేరినా చాలకపోతే బాడీ, లెన్స్ రెండూ కలిపి సర్వీస్‌కి ఇవ్వండి.

కొన్ని ఎఫ్ 1.4 లెన్సులు పూర్తిగా తెరిచినప్పుడు గురి సరిగ్గా పట్టి, ఎఫ్ 2.8కి మూసేసరికి వెనక్కి జరుగుతాయి. స్ఫెరికల్ అబరేషన్ (లెన్స్ అంచుల గుండా, మధ్య గుండా వచ్చే వెలుగు ఒకే చోట కలవకపోవడం) వల్ల వచ్చేది ఇది. కెమెరా ఫోకస్ చూసేది అపెర్చర్ తెరిచి, తీసేది మూసి. కాబట్టి సర్దుబాటయ్యాక ఎఫ్ 2, 2.8, 4 దగ్గర కూడా ఒక్కో ఫొటో తీసి చూసి, ఏ అపెర్చర్‌తో ఎక్కువ తీస్తారో దానికే విలువ ఖాయం చేసుకోండి.