జొన్న రకాలను చెలకలోనే ఎంచుకోవడం ఎట్లా

నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలోని వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి జొన్న రకాలు తెచ్చి ఊళ్లో పంచితే అది విత్తన పంపిణీ మాత్రమే. పరీక్ష అనిపించుకోవాలంటే రైతు సొంత పచ్చజొన్న కూడా పక్కనే, అదే రోజు, అదే గొర్రుతో పడాలి.

ఒక్కో రైతుకు మూడు కొత్త రకాలు, నాలుగోది ఇంటి విత్తనం. అంతకు మించితే కోతనాడు కలిసిపోతాయి. ప్యాకెట్ మీద నంబరే రాయండి. సర్కారు విత్తనమని తెలిస్తే ఎరువు దానికే ఎక్కువ పడుతుంది. రకానికో మడి. మడికి 8 సాళ్లు, పొడవు 10 మీటర్లు, సాళ్ల మధ్య 45 సెం.మీ. విత్తనం 40 గ్రాములు, మొలవని పోగుంటల్లో మళ్లీ పెట్టడానికి ఇంకో 20. యాపచెట్టు నీడ, గెట్టు పక్క వద్దు. వాన వెనకబడి జూలై సగం దాటాక విత్తితే లేత మొక్క మొవ్వును చంపే మొవ్వు ఈగ పడి, ఏ రకం సంగతీ తేలదు.

పిట్టల లెక్క చాలామంది మరుస్తారు. ముందుగా గింజ పట్టిన మడి మీదే ఊళ్లోని పిట్టలన్నీ వాలతాయి, ఆ రకానికి దిగుబడి లేదని పేరు పడుతుంది. పాలు పోసుకునేటప్పుడే మడికి 10 కంకులకు పల్చటి బట్ట సంచులు కట్టి, వాటి తూకం వేరుగా రాయండి. ప్లాస్టిక్ కవరైతే చెమ్మకు బూజు పడుతుంది.

కోతకు ముందు ఓటింగు. ప్రతి మడి దగ్గర ఒక డబ్బా పెట్టి, ఆడవాళ్లకు చింతగింజలు, మగవాళ్లకు మక్కగింజలు మూడేసి ఇచ్చి, నచ్చిన మడి డబ్బాలో వేయమనండి. ఆడవాళ్లను ముందు పంపాలి, లేకుంటే పెద్దమనిషి ఎటు వేస్తే అందరూ అటే. లెక్క అయ్యాక ‘ఎందుకు’ అని అడిగి, వాళ్ల మాటల్లోనే రాసుకోండి.

అంచు సాళ్లు రెండూ, కొసల్లో అర మీటరు చొప్పున వదిలి కోయండి. మిగిలేది 24.3 చదరపు మీటర్లు. ఎండబెట్టిన గింజ కిలోలను 166తో గుణిస్తే ఎకరా దిగుబడి. నాలుగు కిలోలొస్తే ఆరున్నర క్వింటాళ్ల పైచిలుకు.

తూకంతో ఆపొద్దు. ఎడ్లకు ఒక్కో రకం చొప్ప సమానంగా తూచి వేసి, తెల్లారి మిగిలిన మోళ్లు తూచండి. పిండి ఒకే గిర్నీలో పట్టించి రొట్టెలు చేయించండి: తట్టేటప్పుడు అంచు పగులుతుందా, పొద్దున చేసింది రాత్రికి మెత్తగా ఉందా? ఇక్కడ ఓడిన రకం ఎంత పండినా మరుసటేడు చెలకలో కనబడదు.

గెలిచిన రకానికి విత్తనం కట్టాలంటే ఈ మళ్లలోది పనికిరాదు. జొన్నలో కొంత పరపరాగ సంపర్కం ఉంటుంది, పక్క మడి పుప్పొడి కలిసే ఉంటుంది. ప్యాకెట్లో మిగిలిన గింజనే మరుసటేడు వేరే జొన్నకు 200 మీటర్ల దూరంలో వేసి, నడిమి మొక్కల నుంచి కనీసం 100 కంకులు తీసుకోండి. ఊరి పాత రకాన్ని పరిశోధకులకు ఇచ్చే ముందు ఎవరి ఇంటిది, ఏ ఊరిది అన్నది కాగితం మీద పెట్టించుకోండి. 2001 నాటి మొక్కల రకాలు, రైతు హక్కుల చట్టం కింద దాన్ని రైతు రకంగా నమోదు చేయించుకోవచ్చు, రైతుకు రుసుము ఉండదు.