ఉగాది నుంచి మే 18 దాకా: మ్యూజియంలో వేసవి ప్రదర్శన పెట్టేముందు జాగ్రత్తలు

ఉగాదితో మొదలై మే 18న అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం దాకా జిల్లా మ్యూజియంలకు సందడి కాలం. ఒంటిపూట బడులు, మధ్యలో ఏప్రిల్ 18న ప్రపంచ వారసత్వ దినం, ఆపైన వేసవి సెలవులు. పిల్లల చేయి పట్టుకుని పెద్దవాళ్లు వచ్చేది ఈ రోజుల్లోనే. వస్తువులకు మాత్రం ఇది గడ్డుకాలం. తెలంగాణ, రాయలసీమల్లో గాలి ఎండిపోతుంది, కోస్తాలో ఉక్కపోత, ఏ సాయంత్రం ఈదురుగాలి లేస్తుందో తెలియదు.

ప్రదర్శనలో ఏదైనా పాడైతే నింద రద్దీ మీదకి పోతుంది. నిజానికి ఎక్కువ నష్టం ప్రారంభోత్సవానికి ముందు నెలలో, తొందరలో చేసిన పనుల వల్ల జరుగుతుంది. అందుకే ఈ జాగ్రత్తలు అక్కడి నుంచే మొదలుపెడుతున్నాం.

కొత్త షోకేసు, పచ్చి రంగు

ప్రదర్శనకు కొత్త షోకేసులు చేయించాలనుకుంటే కనీసం నాలుగు వారాల ముందు వడ్రంగి పని, రంగు పని రెండూ అయిపోవాలి. ప్లైవుడ్, ఎండీఎఫ్ చెక్క (చెక్కపొట్టు అదిమి చేసే పలక), తెల్ల జిగురు, నూనె రంగులు ఆరేటప్పుడు పులిసిన ఘాటు ఆవిర్లు వదులుతాయి. తలుపు మూసిన షోకేసులో ఆ ఆవిర్లు బయటికి పోయే దారి లేదు. ఎండ పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ వస్తాయి.

వీటికి ముందుగా బలయ్యేది సీసం. శాతవాహనుల నాణేలలో సీసం నాణేలు చాలా ఉన్నాయి. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో దొరికినవాటితో సహా మన మ్యూజియంలలో ఉన్నవాటిలో ఇవే సున్నితమైనవి. కొత్త ప్లైవుడ్ పెట్టెలో పెట్టిన సీసం నాణెం అంచున మొదట బియ్యపు పిండి రాలినట్టు తెల్లటి పొర కనిపిస్తుంది. దుమ్మనుకుని గుడ్డతో తుడుస్తారు. అది దుమ్ము కాదు, నాణెం లోహమే పొడిగా మారుతోంది. తుడిచినప్పుడల్లా అక్షరం, ఏనుగు బొమ్మ కొంత కొంత పోతాయి. అలా కనిపించిన నాణేన్ని తుడవకుండా చెక్క పెట్టెలోంచి తీసి, పాలిథీన్ డబ్బాలోకి మార్చి, సంరక్షణ తెలిసినవాళ్లకు చూపించాలి.

షోకేసు పనికొస్తుందో లేదో తేల్చుకోవడానికి ఒక తేలిక పద్ధతి. రంగు ఆరాక లోపల ఒక చిన్న సీసపు రేకును గీకి మెరిసేలా చేసి, పక్కన తడి దూది ఉన్న చిన్న గిన్నె పెట్టి, తలుపు మూసేయండి. రెండు మూడు వారాల్లో రేకు మీద తెల్ల మచ్చలు వస్తే ఆ షోకేసులో లోహం పెట్టకూడదు. మచ్చ లేకపోతే నిశ్చింత అని కూడా చెప్పలేం, కానీ ఘోరమైన షోకేసు ఈ పరీక్షలోనే బయటపడుతుంది. వేరే దారి లేకపోతే చెక్క కనబడకుండా అల్యూమినియం పొర ఉన్న షీటు పరిచి, దాని మీద గంజి లేని ఉతికిన నూలుగుడ్డ వేయండి. రేకు చేతిలో పట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవడం మరవద్దు.

తోమడం వద్దు

పండగ వస్తోందంటే ఇత్తడి తోమడం మన ఇళ్లలో అలవాటు. ఆ అలవాటు మ్యూజియంలోకి వస్తే తీరని నష్టం. తామ్రశాసనాన్ని, కంచు విగ్రహాన్ని చింతపండుతో గానీ పాత్రల పొడితో గానీ తోమితే పైనున్న పాత పొర పోతుంది. శతాబ్దాలుగా లోహాన్ని కాపాడింది ఆ పొరే. తోమిన మర్నాడు తళతళలాడుతుంది, నెల తిరిగేసరికి ముదురు మచ్చలు పడతాయి, చెక్కిన అక్షరాల అంచులు అరుగుతాయి. మెత్తటి కుంచెతో దుమ్ము దులపడం వరకే సిబ్బంది పని.

కంచు మీద లేత ఆకుపచ్చ పొడి చుక్కలు చుక్కలుగా కనిపిస్తే అది వేరే సంగతి. లోపల చిక్కుకున్న ఉప్పు తేమతో కలిసి లోహాన్ని తింటోందన్నమాట. ఆ విగ్రహాన్ని ప్రదర్శనలోంచి తప్పించి, గాలి తేమ 40 శాతం లోపు ఉండేలా సిలికా జెల్‌తో (తేమ పీల్చే గుళికలు) మూత డబ్బాలో పెట్టాలి. ఘన మీటరుకు 20 కిలోలు అనేది పాత లెక్క. అంటే మీటరు పొడవు, అర మీటరు వెడల్పు, 40 సెంటీమీటర్ల ఎత్తున్న డబ్బాకు 4 కిలోలు. నీలం రంగు జెల్‌లో ఉండే కోబాల్ట్ రసాయనం మంచిది కాదు. పిల్లలు తిరిగే చోట నారింజ రంగుది వాడండి, అదీ తాళం వేసిన అరలోనే.

వెలుతురుకు లెక్క ఉంది

తాళపత్రాలు, కాగితం, కలంకారీ, పట్టు, రంగులద్దిన తోలుబొమ్మలు: వీటికి 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) మించిన వెలుతురు వద్దు. చెక్క, దంతం, తైలవర్ణ చిత్రాలకు 150 నుంచి 200 దాకా ఫరవాలేదు. రాయికి, మట్టిపాత్రకు, లోహానికి వెలుతురు బాధ లేదు.

50 లక్స్‌లో రోజుకు 8 గంటల చొప్పున 90 రోజులు పెడితే మొత్తం 36,000 లక్స్ గంటలు. అదే వస్తువును 500 లక్స్ స్పాట్ లైటు కింద పెడితే ఆ మొత్తం 9 రోజుల్లో అయిపోతుంది. నేరుగా పడే నడి ఎండ లక్ష లక్స్ ఉంటుంది కాబట్టి, కిటికీలోంచి ఎండ పొడ పడితే 22 నిమిషాలు చాలు. రంగు ఒకసారి వెలిసిందంటే తిరిగి తెచ్చే మందు లేదు. ఉత్తరాయణంలో ఎండ పడే కోణం వారం వారం మారుతుంది. జనవరిలో నీడలో ఉన్న గోడ మీదకు ఏప్రిల్‌లో సాయంత్రపు ఎండ రావచ్చు. పడమటి కిటికీలకు మందపాటి తెర కట్టి, 4 గంటలకు ఎవరో ఒకరు గ్యాలరీలో నిలబడి పొడ ఎక్కడ పడుతోందో చూసి రావాలి.

తాళపత్ర గ్రంథంలో ఒకే ఆకును రెండు నెలలు తెరిచి ఉంచకండి. పదిహేను రోజులకొక ఆకు మార్చండి. కాకినాడలోని ఆంధ్ర సాహిత్య పరిషత్తు మ్యూజియం వంటి చోట్ల తాళపత్రాలే పెద్ద ఆస్తి, జాగ్రత్తా ఆ స్థాయిలోనే ఉండాలి. ఆకు తీసేటప్పుడు దారం లాగవద్దు, ముడి విప్పి దారం పూర్తిగా తీసేయాలి. అడుగున అట్ట పెట్టి రెండు చేతులతో ఎత్తాలి. నూలు చేతి తొడుగులు ఆకు అంచుల పీచుకు తగులుకుంటాయి, కడిగి ఆరబెట్టుకున్న చేతులే మేలు. లోహానికి మాత్రం నైట్రైల్ (ఒక రకం రబ్బరు) తొడుగులు తప్పనిసరి, చెమటలో ఉప్పు ఉంటుంది మరి.

ఎయిర్ కూలర్ గ్యాలరీలోకి రానివ్వకండి

జనం ఉక్కతో బాధపడుతున్నారని మంచి మనసుతో చేసే పొరపాటు ఇది. కూలర్ నీళ్లను ఆవిరి చేసి చల్లబరుస్తుంది. మధ్యాహ్నం 25 శాతం ఉన్న తేమ మూసిన గదిలో చూస్తుండగానే 70 దాటుతుంది, రాత్రి కూలర్ ఆపగానే మళ్లీ పడిపోతుంది. దేవుడి ఊరేగింపు చెక్క వాహనాలు, తోలుబొమ్మలు రోజూ ఉబ్బి, రోజూ ముడుచుకుంటాయి. కొన్నాళ్లకు రంగు పెచ్చులు లేస్తుంది. ఏసీ అయినా పగలు వేసి రాత్రి ఆపడం ఇలాంటిదే. 24 గంటలూ 26, 27 డిగ్రీల వద్ద నడపగలిగితే నడపండి. లేకపోతే సున్నితమైన వస్తువులను ఏసీ లేని, మందపాటి గోడల గదిలో ఉంచడమే నయం. కూలర్లు వరండాలో, జనం కూర్చునే చోట పెట్టండి.

ఒక్కో గదికి తేమ కొలిచే హైగ్రోమీటర్ ఒకటి కొని, ఉదయం 10కి, మధ్యాహ్నం 3కి, మూసేముందు అంకెలు పుస్తకంలో రాయాలి. నెల ముందు నుంచి రాస్తేనే ఆ గది తీరు తెలుస్తుంది.

వేరే మ్యూజియం నుంచి తెచ్చే వస్తువుల విషయంలో కోస్తావాళ్లకు ఒక హెచ్చరిక. 22 డిగ్రీల ఏసీ గదిలోంచి తీసిన కంచును 34 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్న బయటి గాలిలో విప్పితే చల్లటి చెంబుకు పట్టినట్టు చెమ్మ పడుతుంది. పెట్టెను 24 గంటలు మూసే ఉంచి, ఆ తర్వాత విప్పండి. ప్రయాణం తెల్లవారుజామున పెట్టుకోండి. బబుల్ షీటు బుడగల వైపు వస్తువుకు తగలకూడదు, వేడికి ఆ గుండ్రటి ముద్రలు రంగు మీద పడతాయి. ఇచ్చేటప్పుడు, పుచ్చుకునేటప్పుడు నాలుగు వైపులా ఫోటోలు తీసి ఇద్దరూ సంతకం చేయాలి.

జ్యోతి, తోరణం, పచ్చడి

జ్యోతి ప్రజ్వలన ఆరుబయట. అగరొత్తులు, కర్పూరం కూడా అక్కడే. మసి కంటికి కనబడకుండానే షోకేసుల వెనక, సున్నపురాయి రంధ్రాల్లో చేరుతుంది. మామిడి తోరణం గుమ్మానికి కట్టండి, గ్యాలరీ లోపల పూలు, ఆకులు వద్దు. వాటితోపాటే చీమలు, పురుగులు వస్తాయి.

ఉగాది పచ్చడి పంచే ఆచారం ఉంటే ప్రహరీ లోపల, భవనానికి బయట, పక్కనే కుళాయి ఉండేలా ఏర్పాటు చేయండి. బెల్లం చేతులతో లోపలికొచ్చిన పిల్లవాడు మొదట అద్దం పట్టుకుంటాడు. అంతకంటే పెద్ద సంగతి పులుపు. అమరావతి, నాగార్జునకొండ శిల్పాలు పలనాటి సున్నపురాయి. చింతపండు రసం, నిమ్మరసం, కూల్ డ్రింకు ఏది పడినా ఆ రాయి ఉపరితలం కరుగుతుంది. ఆరిన తర్వాత అక్కడ మెరుపు పోయి గరుకు మచ్చ మిగులుతుంది. పొరపాటున పడితే వెంటనే శుభ్రమైన మంచినీళ్లలో తడిపిన దూదితో అద్దండి, రుద్దవద్దు. పసుపు, కుంకుమ శిల్పాలకు పెట్టకుండా చూడటానికి మర్యాదగా మాట్లాడగలిగే మనిషిని ఒకరిని పెట్టండి. బోర్డులు ఎవరూ చదవరు.

పిల్లల పనిబల్ల

మట్టి పని, చేర్యాల మాస్కులు, ముగ్గులు, నాణెం అచ్చులు: అన్నీ మంచివే, అన్నీ వేరే గదిలోనో చెట్టు కిందో. 20 మంది పిల్లలకు ఇద్దరు పెద్దలు. ఒక్కొక్కరికి అరకిలో మట్టి చాలు. చేర్యాల మాస్కుల ముద్దలో రంపపు పొట్టుతో పాటు చింతగింజల పిండి ఉంటుంది. మిగిలిన ముద్ద ఆ సాయంత్రమే ఆవరణ దాటాలి, లేకపోతే బొద్దింకలకు విందు. శాసనాల అచ్చు తీయించాలంటే ప్లాస్టర్ నకలు మీదే, అసలు రాయి మీద పెన్సిల్ కూడా ఆనించవద్దు. గ్యాలరీలో బొమ్మలు గీసుకునే పిల్లలకు పెన్సిలే ఇవ్వండి, స్కెచ్ పెన్నులు గుమ్మం దగ్గర ఉంచండి. వీపు మీది బ్యాగులు తీయించాలి. పిల్లలు వెనక్కి తిరిగినప్పుడు తగిలేది అదే.

గ్యాలరీలో మంటలు ఆర్పడానికి ఏబీసీ పొడి సిలిండర్ వాడితే ఆ పొడి తేమతో కలిసి లోహాన్ని, రాతిని తింటుంది. షోకేసుల దగ్గర 4.5 కిలోల కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ ఉంచి, ఇద్దరికి వాడకం నేర్పించండి. దాని గొట్టం మూతి అతి చల్లగా అవుతుంది, పిడి మాత్రమే పట్టుకోవాలి.

మొదటి వాన పడిన సాయంత్రం ఉసిళ్లు లేస్తాయి. గ్యాలరీ దీపాలు ఆపి, వరండా చివర ఒక్క దీపం వేయండి, అటు పోతాయి. రాలిన రెక్కలు మర్నాడు ఊడ్చాక గోడల మొదట్లో చెదపుట్ట మట్టి ఉందేమో చూడండి. షోకేసుల్లో కలరా ఉండలు వద్దు. వాటి ఆవిరి చల్లబడి వస్తువుల మీదే పలుకులుగా పేరుకుంటుంది, పిల్లల ఊపిరికీ చెరుపు.

కుటుంబంతో వచ్చేవాళ్లకు

బయల్దేరేముందు సెలవు చూసుకోండి. హైదరాబాద్ సాలార్‌జంగ్, పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియం, అమరావతి, నాగార్జునకొండ పురావస్తు మ్యూజియంలకు శుక్రవారం సెలవు. విశాఖ బీచ్‌లోని కురుసుర జలాంతర్గామికి సోమవారం. దాని లోపల ద్వారాలు ఇరుకు, ఎత్తు గడపలు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు, చంకబిడ్డల తల్లులు బయట ఆగడమే మంచిది.

ఆరుబయట శిల్పాలున్న ఆవరణల్లో 11 లోపు తిరగడం ముగించండి. నడిఎండకు కాలిన రాయి పిల్లల అరచేతిని, పాదాన్ని కాలుస్తుంది. లీటరు నీళ్లకు 6 టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి కొలిచి కలిపి సీసాలో తెచ్చుకోండి. గ్యాలరీలోకి తీసుకెళ్లకుండా బెంచీ మీద తాగించండి. పిల్లవాడి ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతుంటే నీడలోకి తీసుకెళ్లి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి విసురుతూ 108కి ఫోన్ చేయండి. మత్తుగా ఉన్న బిడ్డ నోట్లో నీళ్లు పోయవద్దు.

నాగార్జునకొండకు లాంచీ మీద ముప్పావు గంట ప్రయాణం. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాటాక గాలి లేస్తుంది, కాబట్టి పొద్దున్న లాంచీ ఎక్కండి, ముందు రోజు నడుస్తుందో లేదో కనుక్కోండి. పిల్లల కొలత లైఫ్ జాకెట్ దొరికాకే ఎక్కండి. పెద్దవాళ్లది తొడిగితే నీళ్లలో బిడ్డ జాకెట్‌లోంచి జారిపోతుంది. తిరుగు లాంచీ సమయం దిగేటప్పుడే అడిగి, దానికి అరగంట ముందు రేవుకు చేరండి.