గ్యారేజీ తలుపును ఫోనుకు కలిపేముందు సెన్సర్ బిగించండి

గ్యారేజీ తలుపును హోమ్ ఆటోమేషన్‌కు కలపాలనుకునేవారు చాలామంది ముందు రిలే (ఫోను నుంచి ఆజ్ఞ రాగానే తీగలను కలిపి విడదీసే స్విచ్) కొంటారు. నా మాట వినండి, ముందు కొనవలసింది తలుపు తెరిచి ఉందో మూసి ఉందో చెప్పే సెన్సర్. చాలా మోటార్లలో గోడమీది బటన్ ఒక్కటే: నొక్కితే తెరుచుకుంటుంది, మళ్లీ నొక్కితే మూసుకుంటుంది. రిలే చేసేదీ ఆ నొక్కుడే. కాబట్టి తలుపు ఏ స్థితిలో ఉందో తెలియకుండా మీరు ఫోనులో ‘మూయి’ అంటే, మూసి ఉన్న తలుపు కాస్తా తెరుచుకోవచ్చు! తలుపు అంచున ఒక అయస్కాంతం, చట్రానికి ఒక రీడ్ స్విచ్ (అయస్కాంతం దగ్గరకొస్తే పనిచేసే స్విచ్) బిగిస్తే ఈ సమస్య తీరుతుంది. వీలైతే పూర్తిగా తెరుచుకునే చోట ఇంకొకటి పెట్టండి; మధ్యలో ఆగిపోయినా తెలుస్తుంది.

రిలే విషయానికొస్తే, విద్యుత్తు పంపని డ్రై కాంటాక్ట్ రకం తీసుకుని, బటన్ తీగలు కలిసే రెండు టెర్మినళ్లకే కలపండి. అర సెకను కలిసి విడిపోయేలా అమర్చండి. కరెంటు పోయి వచ్చినప్పుడు రిలే ఆఫ్‌లోనే ఉండాలి. ఈ సెట్టింగును తప్పక సరిచూడండి, లేకపోతే అర్ధరాత్రి తలుపు దానంతటదే తెరుచుకోవచ్చు. కొన్ని కొత్త మోటార్ల బటన్లు కోడ్ సంకేతం పంపుతాయి. వాటికి మామూలు రిలే పనిచేయదు.

తలుపు కింద అడ్డు వచ్చినవారిని గుర్తించే కాంతి సెన్సర్లను మాత్రం ఎన్నడూ తొలగించకండి. దూరం నుంచి మూసేటప్పుడు కొన్ని సెకన్ల ముందే బజర్ మోగేలా పెట్టండి. అక్కడ పిల్లలు ఆడుకుంటూ ఉండవచ్చు.